గంపకు పట్టినంత

జనవరి ఒకటో తారీఖు పొద్దున గుడివాడలో బందరు బండెక్కి, పాపను ఒళ్ళో కూర్చోబెట్టుకుని, ఈ ఏడాది ఏమేం సాధించాలో మనసులో అనుకుంటూ వెళ్ళాను. సాధించాల్సింది నేను కాదు, మూడేళ్ళు దాటిన మా పాప. జూన్‌లో బడి తెరిచేసరికి తనకు మాటలు రావాలి. మాటలంటే అమ్మా, అత్తా కాదు, వాక్యాలు. రంగుల పేర్లు రావాలి. ఎవరైనా పేరడిగితే చెప్పాలి. ఇంతవరకూ తను అన్న మాటలు బహు కొద్ది. వాటిలో కొన్నింటిని నేను తప్ప ఇంకెవరూ మాటలని ఒప్పుకోరు. డాక్టరు చెవుల పరీక్ష చేయించారు, చెవులు బాగున్నాయి. మాటలు నేర్పే మేడమ్ దగ్గరికి వారం వారం వెళ్తున్నాం. "కొంచెం ఆలస్యం, అంతే. కంగారు పడకండి" అంటారావిడ. కంగారు పడకుండా ఉండటం ఎలాగో మాత్రం నాకు ఎప్పటికీ పట్టుబడదు. బండి పెడన దాటాక, కోతలైపోయిన పొలాల్లో మినుము పచ్చగా పరుచుకుని ఉంటే, అది చూడకుండా నేను సంచిలోంచి బొమ్మల కార్డులు తీశాను. "ఇదేంటి? ఆవు. అనమ్మా, ఆవు." పాప కార్డు వైపు చూడలేదు, నా వైపూ చూడలేదు. ఒళ్ళోంచి జారి దిగి, ఎదురు సీట్లో ఉన్న ఎవరో పెద్దావిడ మోకాళ్ళ దగ్గరికి వెళ్ళి నిలబడింది.

"మీ పాప మీ దగ్గర ఉండదేంటమ్మా?" అని ఆవిడ నవ్వుతూనే అడిగారు. నాకు నవ్వు రాలేదు. కొన్నాళ్ళుగా జరుగుతున్నది అదే. నేను కార్డులు తీస్తే పాప గదిలోంచి వెళ్ళిపోతోంది. కార్డులు లేకపోయినా, నేను "ఇదేంటి" అని నోరు తెరిస్తే చాలు, మొహం తిప్పేసుకుంటోంది. మాటలు రావడం లేదన్నది ఒక భయం. నా పిల్ల నన్ను చూసి తప్పుకుంటోందన్నది అంతకన్నా పెద్ద భయం. రెండో భయం గురించి నేను ఎవరికీ చెప్పలేదు, మా ఆయనకు కూడా.

బందరులో నేను వెళ్తున్నది మా అమ్మమ్మ ఇంటికి. నేను పెరిగింది అక్కడే. మా అమ్మానాన్నలు దివిసీమలో నాగాయలంక అవతల రొయ్యల చెరువుల మీద కాపలా పనికి కుదిరి, చెరువు గట్టు మీదే ఒక పాకలో ఉండేవారు. అక్కడికి బడి దూరమని నన్ను అమ్మమ్మ దగ్గర వదిలారు. అమ్మమ్మ పేరు రత్తమ్మ. హార్బరులో వేలంపాటకు పెట్టిన చేపలు కొని, గంపలో పెట్టి, నెత్తిన మోసుకుని ఊళ్ళో వీధి వీధీ తిరిగి అమ్మేది. నాకు మెలకువ వచ్చేసరికి తను ఇంట్లో ఉండేది కాదు. పొయ్యి మీద గంజి, దాని పక్కన రాత్రి చేసిన పులుసు ఉన్న మట్టి దాక ఉండేవి. మధ్యాహ్నం దాటాక, ఎండ కాస్త వాలుతుండగా, సందు చివర ముందు గంప కనపడేది, తర్వాత అమ్మమ్మ. వచ్చీ రాగానే గంప కడిగి గోడకు బోర్లించేది. తర్వాత పెరట్లో కూర్చుని, పులుసు పిసికేసిన చింతపండు పిప్పితో ఒకసారి, నిమ్మచెక్కతో ఒకసారి మోచేతుల దాకా రుద్దుకునేది. ఎంత రుద్దినా వాసన పూర్తిగా పోయేది కాదు. ఆ వాసన, నిమ్మ వాసన, తలకు రాసుకున్న కొబ్బరినూనె వాసన కలిసి నాకు అమ్మమ్మంటే అదే. ఇప్పటికీ ఎవరింట్లోనైనా చింతపండు నానబెడుతుంటే నాకు ఎవరో ఇంటికొచ్చినట్టు ఉంటుంది.

అమ్మిన చేపలు పోగా గంపలో ఏది మిగిలితే అదే మా కూర. కానాగంతలు మిగిలితే కానాగంతలు, సావళ్ళు మిగిలితే సావళ్ళు. కొత్త సంవత్సరం రోజున మాత్రం ఏమీ మిగిలేవి కాదు. ఆ రోజు బందరులో నీసు లేని ఇల్లు తక్కువ. గంప ఎత్తుకున్న గంటకే ఖాళీ అయిపోయేది. అందుకని ఊరంతా చేపలు, రొయ్యలు తినే రోజున చేపలమ్మే మా ఇంట్లో పప్పు వండుకునేవాళ్ళం. మావయ్య బేకరీ నుంచి ఒక చిన్న కేకు తెచ్చేవాడు. మావయ్య అంటే అమ్మమ్మకి ఒక్కగానొక్క కొడుకు, బోటు మీద వేటకు వెళ్ళేవాడు. పప్పన్నం తిని, కేకు తిని, అమ్మమ్మ అరుగు మీద కాళ్ళు చాపుకునేది. నేను కాళ్ళు పట్టేదాన్ని. అప్పుడు మొదలయ్యేది మా ఇంటి బేరం.

ఆ అలవాటుకు కారణం నేనే. హైస్కూల్లో చేరిన కొత్తలో టీచరు, కొత్త సంవత్సరానికి అందరూ ఏదో ఒక తీర్మానం చేసుకుని రండి అన్నారు. నేను ఇంటికొచ్చి అమ్మమ్మ కాళ్ళు నొక్కుతూ గొప్పగా చెప్పాను: పొద్దున్నే నాలుగింటికి లేచి చదువుతాను, క్లాసులో ఫస్టు వస్తాను, హిందీ నేర్చుకుంటాను, ఇంక చాక్లెట్లు తినను. అమ్మమ్మ కళ్ళు మూసుకుని అంతా వింది. రోజంతా ఊళ్ళో ఆడవాళ్ళు తనతో ఏ గొంతుతో మాట్లాడతారో అదే గొంతు పెట్టి అంది:

"అంత చెప్తే ఎట్టా అమ్మాయ్? తగ్గించు."

"ఏం తగ్గించాలి?"

"నాలుగింటికి లేస్తావా? నేను వెళ్తా వెళ్తా లేపినా ఏడింటిక్కూడా లెగవు. తగ్గించు."

"ఐదింటికి."

"ఇంకా తగ్గించు. చేప నిన్నటిది, నాకు తెలీదనుకోకు."

"ఆరింటికి. నువ్వు లేపకుండా."

"ఆఁ, ఇది తాజాది. తూకం వెయ్యి."

ఫస్టు ర్యాంకు, హిందీ, చాక్లెట్లు అన్నీ గంపలోంచి తీయించేసింది. "అన్నీ పొయ్యకే. కింది చేప చితికిపోద్ది" అంది. అది ఉట్టినే అన్న మాట కాదు. గంపకు పట్టేదానికన్నా ఎక్కువ పోస్తే అడుగున ఉన్న చేపల పొట్టలు పగిలిపోతాయి. పైన ఉన్నవి నిగనిగలాడుతూ కనపడుతూనే ఉంటాయి, వాసన మాత్రం నాలుగు వీధులు తిరిగేసరికి వచ్చేస్తుంది. ఆ సంగతి మా ఇంట్లో పిల్లలకు కూడా తెలుసు. ఆ ఏడాది నేను నిజంగానే నా అంతట నేను లేచాను, చలికాలం కొన్నాళ్ళు తప్ప.

అప్పట్నుంచీ ప్రతి ఏడాదీ బేరమే. ఊళ్ళో తనతో అందరూ బేరమాడతారు కనక ఇంట్లో తను ఆడేది. ఆ ఒక్క రోజు కొనేవాళ్ళ వైపు ఉండటం తనకు భలే సరదా. మావయ్య ఒక ఏడాది ఛాతీ విరుచుకుని వచ్చాడు.

"అమ్మా, ఈ ఏడాది చుట్ట మానేస్తున్నా. పూర్తిగా."

"ఎవరికి చెప్తున్నావురా, సముద్రానికా?"

"ఒట్టు."

"ఒట్లు నేనూ రోజూ వేస్తా, ఇప్పుడే బోట్లోంచి దించారమ్మా అని. తగ్గించు."

"రోజుకి ఒక్కటి."

"తగ్గించు."

"పోనీ, ఇంట్లో కాల్చను."

"వాన పడితే ఎక్కడ కాలుస్తావు? పిల్ల ముందు కాల్చకు. దానిమీద నిలబడు, చాలు."

మావయ్యకు రోషం వచ్చింది కానీ దానిమీద నిలబడ్డాడు. నేను వస్తుంటే సందు చివరికి వెళ్ళిపోయేవాడు. ఇప్పటికీ, ఒక పిల్ల తల్లినయ్యాక కూడా, నన్ను చూస్తే చుట్ట వెనక్కి దాచి, దగ్గుతూ పలకరిస్తాడు. చుట్ట మాత్రం ఆయన మానలేదు. అమ్మమ్మ బేరం అంతకుమించి పనిచెయ్యలేదు. ఆ సంగతి కూడా చెప్పాలి.

నాకు గట్టిగా గుర్తున్న బేరం కాలేజీలో చేరిన ఏడాదిది. నేను క్లాసులో చివరి బెంచీలో, కిటికీ పక్కన కూర్చునేదాన్ని. ఇంట్లోంచి బయల్దేరేటప్పుడు ఎంత సబ్బు రుద్దుకున్నా నా బట్టలకు చేపల వాసన ఉందేమోనని భయం. ఒకసారి ఒకమ్మాయి ముక్కు మీద చున్నీ పెట్టుకుంది. జలుబుకే పెట్టుకుందేమో, నాకు తెలీదు. ఆ తర్వాత నేను క్లాసులో నోరు తెరవలేదు. లేచి మాట్లాడితే అందరూ నా వైపు తిరుగుతారు కదా. ఆ జనవరిలో అమ్మమ్మతో, ఇంగ్లీషు గడగడా మాట్లాడతాను అన్నాను. తగ్గించు అంది. ఇంగ్లీషు పేపరు చదువుతాను అన్నాను. తగ్గించు అంది. దిగి దిగి చివరికి, ఎందుకో నా నోట్లోంచి అసలు సంగతి వచ్చేసింది.

"వారానికోసారి లేచి నిలబడి సార్ని ఒక్క డౌటు అడుగుతా. తెలుగులోనే."

"నెలకోసారి చాల్లేవే."

"కాదు. వారానికోసారి."

"పోనీ పరీక్షల ముందు అడుగు."

"తగ్గించను అమ్మమ్మా. వారానికోసారే."

అమ్మమ్మ కళ్ళు తెరిచి, తొడ మీద చరుచుకుని నవ్వింది. "అదీ! ఇక్కడ ఆగావు చూడు, ఇదే దీని అసలు ధర. పైన చెప్పిందంతా ఉత్తిదే." మొదటిసారి లేచినప్పుడు నా గొంతు నాకే వినపడలేదు. సారు "ఏంటమ్మా?" అని రెండోసారి అడిగారు. అడిగాను. ఆయన బోర్డు వైపు తిరిగి, మొదట్నుంచీ మళ్ళీ చెప్పారు. నా ముందు బెంచీ అమ్మాయి వెనక్కి తిరిగి "థాంక్స్, నాకూ అర్థం కాలేదు" అంది. అంతే జరిగింది. ఈ రోజు నేను నలుగురిలో మాట్లాడగలుగుతున్నానంటే, డిగ్రీ చదివానంటే, దాని మొదలు అక్కడే ఉంది.

నా డిగ్రీ అయిపోతున్న రోజుల్లో అమ్మమ్మ మోకాళ్ళు వాచిపోయాయి. సాయంత్రాలు నేను నొక్కుతుంటే మూలిగేది, మూలగడం నేను విన్నానని తెలిసి తిట్టేది. ఆ కొత్త సంవత్సరం నాడు మా అందరి బేరాలూ అయ్యాక మావయ్య, "నీదేంటమ్మా మరి?" అని అడిగాడు. "నాదేముంది? ఈ ఏడూ గంపెత్తుకుని ఊరంతా తిరుగుతా" అంది. నేను కాళ్ళు నొక్కడం ఆపి, "తగ్గించు" అన్నాను.

"ఏంటే? నాకే చెప్తావా?"

"తగ్గించమ్మమ్మా."

"రోజు విడిచి రోజు తిరుగుతా."

"తగ్గించు."

"బస్టాండు దాకా వెళ్ళొస్తా. అంతకన్నా దిగను. దిగితే నేనెందుకింక?"

మావయ్య మెల్లిగా, "గంప నేను మోసుకొచ్చి పెడతా. నువ్వు కూర్చుని అమ్ము. వాళ్ళే నీ దగ్గరికొస్తారు" అన్నాడు. అమ్మమ్మ వీధి వైపు తిరిగింది. జీవితమంతా నడిచి బతికిన మనిషి. తర్వాత, "కూర్చుంటా. ధర మాత్రం నేనే చెప్తా. నువ్వు నోరు మూసుకో" అంది. మర్నాడు నెత్తిన పెట్టుకునే చుట్టకుదురు తీసుకెళ్ళి మంచినీళ్ళ బిందె కింద పెట్టేసింది. అంత పెద్దది దించుకుని కూడా తను చిన్నబోలేదు. ఎన్నో ఏళ్ళుగా తన ముందు మేము దించుకుంటూ వచ్చాం కదా, ఆ రోజు తనూ మాలాగే దించుకుంది. ఆ అరుగు మీద నేను చూసినవాటిలో నాకు ఎక్కువ గౌరవం కలిగింది ఆ సాయంత్రమే.

ఇప్పుడు అమ్మమ్మ చేపలు అమ్మడం లేదు. మొన్న కొత్త సంవత్సరానికి మేం వెళ్ళేసరికి అరుగు మీద ఎండలో కూర్చుని ఉంది. పాపను చూడగానే, కొంగున కట్టుకున్న వసకొమ్ము తీసింది.

"తేనెలో అరగదీసి నాలిక్కి రాస్తే వసపిట్టలా మాట్లాడుద్ది."

"మాటలు నేర్పే మేడమ్ వద్దన్నారమ్మమ్మా."

"ఆ మేడమ్‌కి పిల్లలున్నారా?"

"ఇద్దరు."

"మాట్లాడతారా?"

"గలగలా మాట్లాడతారు."

"అయితే వస పోసే ఉంటది. నీకు చెప్పుండదు."

వస పొయ్యనివ్వలేదు. సాయంత్రం భోజనాలయ్యాక అమ్మమ్మ అడిగింది, "ఏంటే, ఈ ఏడు?" నేను రైల్లో అనుకున్నదంతా చెప్పాను. జూన్‌కల్లా పాప వాక్యాలు మాట్లాడాలి, రంగులు చెప్పాలి, పేరు చెప్పాలి. కార్డు తీస్తే లేచిపోతోందని కూడా అన్నాను. తగ్గించు అంటుందని చూశాను. అనలేదు.

"అది ఎవరి సరుకే?"

"పాపది."

"దాని సరుక్కి నువ్వు ధర చెప్తావేంటి? పక్కదాని గంపలో చేపకి ధర చెప్తే హార్బర్లో జుట్లు పట్టుకుంటారు. నీ గంపలో ఏముందో అది చెప్పు."

"రోజూ రెండు గంటలు కార్డులు చూపిస్తా."

"తగ్గించు."

"గంట."

"కార్డు తీస్తే లేచిపోద్దని నువ్వే కదే చెప్పావు? ఆ కార్డులు గంపలోంచి తీసెయ్."

"తీసేస్తే ఎట్టా అమ్మమ్మా? ఎట్టా మాట్లాడుద్దది? జూన్‌లో బళ్ళో ఏమంటారు? అందరి పిల్లలూ..." అని నేను ఇంక చెప్పలేకపోయాను. ఏడుపొచ్చేసింది. "అది నా దగ్గరికే రావడం లేదమ్మమ్మా" అన్నాను. ఎవరికీ చెప్పని మాట అలా బయటికొచ్చింది. మావయ్య గబుక్కున లేచి, పాపనెత్తుకుని కోళ్ళను చూపిస్తానని పెరట్లోకి వెళ్ళిపోయాడు. అమ్మమ్మ ఊరుకోమనలేదు. చెయ్యి నా వీపు మీద పెట్టి ఉంచింది. ఆ చేతికి ఇప్పుడు పౌడరు వాసన.

నేను ముక్కు తుడుచుకున్నాక అడిగింది, "అది చేసేది కాదు. నువ్వు చెయ్యగలిగింది చెప్పు."

నేను అన్నాను, "రోజూ కాసేపు దాని పక్కన కూర్చుంటా. ఏమీ అడక్కుండా."

"ఇదేంటి, అదేంటి అనకుండానా?"

"ఊఁ."

"నీ వల్ల కాదులే. వారానికోసారి కూర్చో, చాలు."

"కాదు, రోజూ."

"నోరు మూసుకుని కూర్చోవడం నీకు చేతకాదే పిల్లా. నేను పెంచినదానివి."

"రోజూ అమ్మమ్మా. ఇంక తగ్గించను."

గుడివాడ వచ్చాక మేడమ్‌కి ఈ మాట చెప్తే ఆవిడ సంతోషించారు. పాప ఏం ఆడుతుంటే నేనూ అదే ఆడమని, పరీక్ష పెట్టినట్టు అడగొద్దని మొదటి వారమే చెప్పారట. భయంతో ఉన్న చెవికి కొన్ని మాటలు ఎక్కవు కాబోలు. అప్పట్నుంచీ సాయంత్రాలు నేను నేల మీద పాప పక్కన కూర్చుంటున్నాను. ఇంత కష్టమైన పని నేనెప్పుడూ చెయ్యలేదు. తను గిన్నెలో గిన్నె పెడుతుంటే నా నాలుక మీద "పెద్దది, చిన్నది" అని మాటలు ఎగురుతూ ఉంటాయి. మొదట్లో పాప అనుమానంగా కొంచెం దూరం జరిగేది. మా ఆయన తలుపు దగ్గర నిలబడి, "నీకు ఉపవాసం కన్నా ఇదే కష్టంగా ఉన్నట్టుందే" అని నవ్వేవారు.

పాప పడుకున్నాక ఇది రాస్తూ ఆ రోజుల్ని, ఈ రోజుల్ని పక్కపక్కన పెట్టి చూసుకుంటున్నాను. ఏ నెలకు ఏ మాట రావాలో అమ్మమ్మ ఇంట్లో ఎవరికీ తెలీదు. నేను ఎప్పుడు మాట్లాడానని అడిగితే మా అమ్మకి గుర్తు లేదు. ఆ తెలియకపోవడంలో కొంత మంచి ఉంది, కొంత ప్రమాదమూ ఉంది. ఈ రోజు నా పాప చెవులు పరీక్ష చేసే యంత్రం ఉంది, ఓపికగా నేర్పే మనిషి ఉంది. వాటిని నేను వదులుకోను. కానీ నా ఫోనులో ఊరి పిల్లలందరి వీడియోలూ ఉన్నాయి, ఒకరు పద్యం చెప్తే ఇంకొకరు దేశాల పేర్లు చెప్తారు. ఆ గంపలన్నిటినీ చూసి నా గంప నింపుకుంటూ వచ్చాను. బరువు మోసింది మాత్రం పాప. మోకాళ్ళు అరిగేలా తిరిగి వచ్చి కూడా, ఏడాదికొకసారి నా కోరికలు ఒక్కొక్కటే చేతిలోకి తీసుకుని, ఇది నువ్వు మొయ్యగలవు, ఇది మొయ్యలేవు అని చూసిపెట్టిన మనిషి దగ్గర పెరిగాను. అది ఎంత అదృష్టమో అప్పుడు తెలీదు. మిగతా పిల్లలకు చాక్లెట్లు కొనిపెట్టే అమ్మమ్మలు ఉన్నారని కూడా ఏడ్చాను.

నిన్న సాయంత్రం కూడా అలాగే కూర్చున్నాను. పాప కిటికీ ఊచలు పట్టుకుని బయటికి చూస్తోంది. నేను నేల మీదున్న గిన్నెల వైపు చూస్తూ, వండాల్సిన కూర గురించి ఆలోచిస్తున్నాను. ఉన్నట్టుండి పాప వచ్చి, రెండు చేతులతో నా బుగ్గలు పట్టుకుని, నా మొహాన్ని కిటికీ వైపు తిప్పింది. తర్వాత వేలు చాపింది. ప్రహరీ గోడ మీద ఒక ఉడుత, తోక ఎత్తి, రెండు కాళ్ళ మధ్య ఏదో పట్టుకుని కొరుకుతోంది. అంతవరకూ తను నాకు దేన్నీ చూపించి ఎరగదు. ఉడుత అన్న మాట నా నోటి చివరి దాకా వచ్చింది. అనలేదు. ఇద్దరం చూస్తూ ఉన్నాం. ఉడుత గోడ దిగి వెళ్ళిపోయాక, నేను దాన్ని చూశానో లేదోనని పాప వెనక్కి తిరిగి నా కళ్ళలోకి చూసింది.